అదే బంగారము – ఎవరి యెదుట?

రేడియో ప్రసంగము
ధ్యానభాగము: నిర్గమకాండము 31:1–18, 32:1–6, 35:20–35

 

ఈ దినము మనం ధ్యానించబోయే అంశము విశ్వాసము, కళ. ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులా, లేక ఒకే ఇంటి బిడ్డలా? సంఘములోని యౌవనస్థులు చాలాసార్లు ఈ ప్రశ్నను ఇంకో విధంగా అడుగుతారు. “అయ్యగారూ, నేను బొమ్మలు వేస్తాను, నేను తబలా వాయిస్తాను, నేను కథలు రాస్తాను. రక్షణ పొందిన తర్వాత వీటిని విడిచిపెట్టాలా?” తల్లిదండ్రులు కూడా అడుగుతారు. “మావాడికి పాటల పిచ్చి అయ్యగారూ, ప్రార్థన చేయండి” అంటారు, అదేదో జబ్బు అయినట్టు.

ఒకప్పుడు ఇలాంటి ప్రశ్నలకు నేను చాలా త్వరగా జవాబు చెప్పేవాడిని. ఆ తొందరపాటు వలన దేవుడు నాకు అప్పగించిన ఒక పెద్దాయన మనస్సును గాయపరిచాను. ఆ సంగతి ఈ రోజు మీ ముందు ఒప్పుకోవాలని ఉంది. అయితే ముందుగా వాక్యము దగ్గరకు వెళ్దాం.

1. ఆత్మతో నింపబడిన చేతులు

మీ దగ్గర పరిశుద్ధ గ్రంథము ఉంటే నిర్గమకాండము 31వ అధ్యాయము తెరవండి. మోషే సీనాయి కొండ మీద ఉన్నాడు. ప్రత్యక్షపు గుడారము ఎలా ఉండాలో దేవుడు ఆయనకు 25వ అధ్యాయము మొదలుకొని వివరిస్తూ వచ్చాడు. మందసము, బల్ల, దీపవృక్షము, తెరలు, బలిపీఠము, యాజకుల వస్త్రములు – ప్రతిదానికీ కొలత ఉంది, రంగు ఉంది. ఇవన్నీ చేసేవారు ఎవరు? కింద దిగువన ఉన్న ఆ జనులు నిన్నమొన్నటి వరకు ఐగుప్తులో ఇటుకలు చేసిన దాసులు.

అప్పుడు దేవుడు ఒక మనిషిని పేరు పెట్టి పిలిచానని చెప్తాడు. అతడు యూదా గోత్రికుడు, హూరు మనుమడు, పేరు బెసలేలు. హెబ్రీ భాషలో ఆ పేరుకు “దేవుని నీడలో” అని అర్థము. అతనికి తోడుగా దాను గోత్రికుడైన అహోలీయాబును కూడా నియమించాడు.

బెసలేలును గూర్చి దేవుడు చెప్పిన సంగతి గమనించండి. తన ఆత్మతో అతనిని నింపానని చెప్తాడు. ఆత్మపూర్ణుడు అనగానే మనకు ఎవరు జ్ఞాపకం వస్తారు? ప్రవక్త, బోధకుడు, స్వస్థత వరము కలిగిన సేవకుడు. అంతకుముందు యోసేపులో దేవుని ఆత్మ ఉన్నదని ఫరో గుర్తించాడు, నిజమే. కాని తన ఆత్మతో నింపానని దేవుడే స్వయంగా చెప్పిన మనిషిగా బైబిలులో మనకు మొదట కనిపించేవాడు ఒక పనివాడు. అతడు బంగారము పోతపోసేవాడు, రాళ్లు సానబట్టేవాడు, కర్ర చెక్కేవాడు. అతని చేతులకు కాయలు కాచి ఉండాలి. దేవుని ఆత్మ ఆ చేతుల్లోకి దిగివచ్చాడు.

ఇంకొక విషయం చూడండి. దీపవృక్షమును బాదము పువ్వుల రూపంతో, మొగ్గలతో చేయమని 25వ అధ్యాయములో ఉంది. దీపం వెలగడానికి పువ్వు అవసరమా? నూనె, వత్తి ఉంటే చాలు కదా. అయినా దేవుడు పువ్వు అడిగాడు. అవసరం తీరితే చాలని మనం అనుకుంటాం. అందాన్ని సృష్టించిన దేవుడు తన మందిరములో అందాన్ని కూడా కోరుకున్నాడు.

బెసలేలు గురించి ఇంకా రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి, వాటి దగ్గరకు మళ్ళీ వస్తాను. మొదటిది, దేవుడు అతనికి పని చేసే నేర్పుతో పాటు ఇతరులకు నేర్పించే మనస్సు కూడా ఇచ్చాడని 35వ అధ్యాయము 34వ వచనములో ఉంది. రెండవది, ఈ పనివాళ్ల గురించి చెప్పిన వెంటనే, అదే 31వ అధ్యాయములో దేవుడు విశ్రాంతి దినము గురించి మాట్లాడాడు. మందిరము పని అయినా సరే, ఏడవ దినమున పనిముట్లు కింద పెట్టాలి.

2. అదే బంగారము

ఇప్పుడు పుట తిప్పి 32వ అధ్యాయము చూడండి. కొండ మీద దేవుడు బెసలేలు పేరు చెప్తూ ఉండగా, కొండ కింద ఇంకొక శిల్పకార్యము జరుగుతూ ఉంది. మోషే ఆలస్యం చేశాడని ప్రజలు ఓర్పు కోల్పోయారు. తమ ముందు నడిచే దేవత కావాలని అడిగారు. అహరోను వారి చెవిపోగులు తెప్పించాడు, కరిగించాడు, పోగరతో చెక్కాడు, దూడను చేశాడు.

ఆ బంగారము ఎక్కడిది? ఐగుప్తు విడిచేటప్పుడు ఐగుప్తీయుల దగ్గర అడిగి తెచ్చుకున్నది. మరి 35వ అధ్యాయములో గుడారము కొరకు ప్రజలు తెచ్చిన ముక్కరలు, పోగులు, ఉంగరములు ఎక్కడివి? అవీ ఆ ప్రజల ఒంటి మీదివే. అదే జనము, అదే విధమైన నగలు, అదే నిప్పు, అదే పోగర. ఒకచోట దూడ వచ్చింది. ఇంకొకచోట మందసము వచ్చింది.

కాబట్టి బంగారము పాపము కాదు. పోగర పాపము కాదు. మరి తేడా ఎక్కడుంది? ఆ పని దేవుని పేరున జరగలేదు కాబట్టి అంటారేమో. జాగ్రత్తగా చదవండి. దూడ ముందు బలిపీఠము కట్టించిన అహరోను, మరునాడు యెహోవాకే పండుగ అని చాటించాడు. అంటే ఆ దూడ మీద కూడా దేవుని పేరే తగిలించారు! పైన “క్రైస్తవ” అనే మాట ఉన్నంత మాత్రాన ఆ పాట, ఆ పుస్తకము, ఆ నాటకము దేవునివి అయిపోవు. దూడను చేసినవారికి తమ మాట వినే దేవుడు కావాలి, తమ వేగంతో నడిచే దేవుడు కావాలి. గుడారము చేసినవారు దేవుని మాట విని, మనస్సు ప్రేరేపించగా ఇచ్చారు, ఆ మాట చొప్పున చేశారు. దూడ చివరికి పొడి అయి నీళ్లలో కలిసింది. గుడారము దేవుని మహిమతో నిండింది.

ఇంతటితో ఆగితే ప్రమాదము. ఒకసారి పరిశుద్ధమైనది ఎప్పటికీ పరిశుద్ధమే అనుకుంటాం. అరణ్యములో దేవుడు చెప్పగా మోషే చేసిన ఇత్తడి సర్పము సంగతి మీకు తెలుసు. అనేక తరములు గడిచాక ప్రజలు దానికి ధూపము వేయడం మొదలుపెట్టారు. హిజ్కియా రాజు దానిని పగులగొట్టించాడు. మరి హిజ్కియాకు కళ అంటే గిట్టదా? రెండవ దినవృత్తాంతములు 29వ అధ్యాయము చదవండి. మందిరమును శుద్ధిచేసి, తాళములతో, స్వరమండలములతో, సితారాలతో లేవీయులను మళ్ళీ నిలబెట్టినది ఆ రాజే. ఒక చేత్తో సర్పమును పగులగొట్టాడు, ఇంకొక చేత్తో వాద్యములను తిరిగి తెచ్చాడు. దేవుని స్థానము ఆక్రమించినదానిని తీసివేశాడు. దేవుని స్తుతించగలిగినదానికి చోటిచ్చాడు. ఈ వివేచన మనకు కావాలి. నాకు అది లేకపోయింది.

3. దూలానికి వేలాడిన డప్పు

దాదాపు ఇరవై ఏళ్ల క్రితం మాట. సెమినరీ చదువు ముగించుకొని, ఒంగోలు ప్రాంతంలో ఒక పల్లె సంఘానికి కాపరిగా వెళ్లాను. డిసెంబరు నెల. క్రిస్మస్ కేరల్స్‌కు తిరిగే రోజులు. ఒక సాయంకాలం మా సంఘములోని ఒక పెద్దాయన, డెబ్బై ఏళ్లు దాటినవాడు, గోనెసంచిలో ఏదో చుట్టుకొని మా ఇంటి అరుగు మీదికి వచ్చాడు.

“అయ్యగారూ, మీరేమీ అనుకోనంటే ఒక మాట.”

“చెప్పండి తాతా.”

“ఈసారి కేరల్స్‌కి డప్పు తీద్దామనుకుంటున్నా. మా అయ్య కొట్టింది. ఆయన బాప్తిస్మం తీసుకున్నాక దూలానికి తగిలించాడు. అప్పటినించీ అట్నే ఉంది. కొత్త తోలు వేయించా.”

నేను ఆ డప్పును చేత్తో కూడా ముట్టుకోలేదు. “తాతా, అది ఏయే జాతరల్లో మోగిందో నాకంటే మీకే బాగా తెలుసు. దేవుని పాటలకు అదెందుకు? మనకు కీబోర్డు ఉంది కదా” అన్నాను.

ఆయన కొంచెంసేపు డప్పు వైపు చూశాడు. “సరే అయ్యగారూ. మీరు చదువుకున్నోళ్లు” అన్నాడు. మళ్ళీ గోనెసంచిలో చుట్టుకొని వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు వానాకాలంలో ఆయన ప్రభువునందు నిద్రించారు. సమాధి కార్యక్రమం అయ్యాక ఇంటికి వెళ్లి ఆదరణ ప్రార్థన చేశాను. లేవబోతుండగా ఆయన భార్య, ఆ అవ్వ, నాతో మెల్లగా అంది. “అయ్యగారూ, కేరల్స్ పాటలన్నిటికీ దరువు కట్టుకున్నాడు. నెలల తరబడి మంచం పట్టె మీద వేళ్లతో కొట్టుకుంటా ఉండేవాడు. మీరు వద్దన్నారని మానేశాడు. మీమీద కోపమేం లేదు లెండి.”

కోపము లేదన్న ఆ మాట నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు.

ఆయనకు పన్నెండేళ్ల మనవడు ఉన్నాడు. ఆ పిల్లవాడికి ఆయన నేర్పింది రెండు పాటల దరువులు మాత్రమే. మిగిలినవి నేర్పే అవసరం ఉందని ఆయనకు ఇక అనిపించలేదు. నేర్పించే మనస్సు కూడా దేవుని వరమేనని ఇందాక చెప్పాను. ఆ వరమును ఆర్పినవాడిని నేను. అవ్వను క్షమాపణ అడిగాను. పెద్దాయనను అడగలేకపోయాను. ఆ సంవత్సరం క్రిస్మస్‌కు నేనే ఆ పిల్లవాడిని పిలిచాను. చలిమంట దగ్గర డప్పు కాచుకొని వాడు మా ముందు నడిచాడు. రెండు పాటలకు డప్పు మోగింది. ఇళ్లలోని ముసలివాళ్లు బయటికి వచ్చి నిలబడ్డారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. మూడవ పాట నుండి కీబోర్డే.

4. రాగానికి తెరిచిన తలుపు

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆ డప్పును దూలానికి తగిలించిన మన తాతలు తెలివిలేనివారు కారు. ఒంగోలు ప్రాంతపు సంఘచరిత్ర మీలో చాలామందికి తెలుసు. 1866లో యర్రగుంట్ల పేరయ్య గారి మారుమనస్సుతో మాదిగ సోదరుల మధ్య సువార్త వ్యాపించింది. కరువు కాలము తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ రోజుల్లో గ్రామదేవతల జాతరకు డప్పు కొట్టడం వారి ఇష్టాయిష్టాలకు వదిలిన పని కాదు. అది ఊరు వారిమీద మోపిన చాకిరి. క్రీస్తును ఎరిగిన తర్వాత కొట్టమని చెప్పినందుకు వారు దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు, నీళ్లకు కూడా ఇబ్బంది పడ్డారు. ఆ డప్పు మూగబోవడం ఆనాడు ఒక సాక్ష్యము. దాని వెనుక మనుష్యుల ఆత్మగౌరవము కూడా ఉంది. వారి త్యాగాన్ని నేను చిన్నచూపు చూడను.

కాని తండ్రి విగ్రహము యెదుట కొట్టను అని తీసిపెట్టిన డప్పును, కొడుకు రక్షకుని యెదుట కొడతాను అని తెచ్చాడు. ఆ రెండూ ఒకే విశ్వాసము చేసిన పనులు. నేను మొదటిదాన్ని మెచ్చుకొని రెండవదాన్ని తిరస్కరించాను. ఎందుకు?

నా హృదయాన్ని పరీక్షించుకున్నప్పుడు ఒక సంగతి బయటపడింది. ప్రతి ఆదివారము మనం పట్టుకునే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము చూడండి. కీర్తన పైన రాగము, తాళము అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) ఈ తెలుగు సంఘానికి అన్ని కీర్తనలు రాసి ఇచ్చినప్పుడు, రాగములను ఎక్కడినుండి తెచ్చారు? దేవాలయాల్లో పాడిన రాగములే, రాజుల కొలువుల్లో పాడిన రాగములే. ఆయన వాటిని క్రీస్తు పాదముల దగ్గరకు తెచ్చారు. చదువురాని మన అవ్వలు, అమ్మమ్మలు ఆ కీర్తనల ద్వారానే సువార్తను కంఠస్థం చేసుకున్నారు. ఆ రాగములు ఒకప్పుడు ఎక్కడ మోగాయని నేను ఎప్పుడూ అడగలేదు.

మరి రాగానికి తెరిచిన తలుపు డప్పుకు ఎందుకు మూశాను? రాగము పెద్దలది, డప్పు పేదలది. రాగము గౌరవము, డప్పు అవమానము. నేను పరిశుద్ధత అని పేరు పెట్టినదానిలో ఎంత భాగము వాక్యము, ఎంత భాగము కులపు చూపు? సోదరులారా, ఈ ప్రశ్న నన్ను సిగ్గుపరిచింది.

ఇంకా సిగ్గుపరిచే మాట ఒకటుంది. ఎఱ్ఱసముద్రము దాటిన తర్వాత మిర్యాము చేతపట్టుకున్న వాద్యమును మన తెలుగు బైబిలులో తంబుర అన్నారు. ఆ మాట వినగానే మనకు తీగలున్న తంబూరా కళ్ల ముందు కదులుతుంది. హెబ్రీ మూలములో ఆ మాట “తోఫ్”. అది గుండ్రని చట్రానికి తోలు బిగించిన చేతి వాద్యము. మన వాద్యాల్లో దానికి దగ్గర చుట్టము ఏదో వేరే చెప్పాలా? 150వ కీర్తనలో కూడా అదే మాట ఉంది. ఇది నేను సెమినరీలో చదివాను, నోటుబుక్కులో రాసుకున్నాను. అయినా ఆ సాయంకాలం నా అరుగు మీద అది కూర్చున్నప్పుడు గుర్తుపట్టలేదు.

5. ఒకదానికొకటి ఏమిస్తాయి?

విశ్వాసము కళకు ఏమిస్తుంది? మొట్టమొదట, ఎవరి యెదుట చేస్తున్నామో ఆ స్పృహనిస్తుంది. జర్మనీ దేశపు సంగీతకారుడు యోహాన్ సెబాస్టియన్ బాఖ్ (1685–1750) లైప్‌జిగ్ పట్టణములో సంఘ ఆరాధనల కొరకు సంగీతము రాశాడు. చాలా రచనల మొదట యేసూ సహాయము చేయుమని అర్థమిచ్చే రెండు లాటిన్ అక్షరములు, చివర దేవునికి మాత్రమే మహిమ అని అర్థమిచ్చే మూడు అక్షరములు రాసుకునేవాడు. ఆయన చనిపోయాక ఆ సంగీతములో ఎక్కువ భాగాన్ని లోకము పక్కన పెట్టేసింది. మత్తయి సువార్తలోని శ్రమల మీద ఆయన కూర్చిన గొప్ప రచనను 1829లో మెండెల్‌సోన్ అనే యువకుడు బెర్లిన్‌లో వినిపించాక ప్రజలు మళ్ళీ ఆయన వైపు తిరిగారు. అప్పటికి ఆయన చనిపోయి 79 సంవత్సరాలు. మనుష్యుల చప్పట్ల కొరకే రాసి ఉంటే ఆయన ఎంత నష్టపోయినట్టు! దేవుని యెదుట చేసినవాడికి ఆ నష్టము లేదు.

రెండవది, విశ్వాసము కళాకారునికి విశ్రాంతినిస్తుంది. బెసలేలు కూడా ఏడవ దినమున ఉలి కింద పెట్టాలి. నా పని ఆగితే నేను ఏమీ కాను అనుకునేవాడికి ఆ పనే దూడ అవుతుంది. చప్పట్లు వచ్చినా రాకపోయినా నేను దేవుని బిడ్డనే అని తెలిసినవాడు స్వేచ్ఛగా పాడగలడు, స్వేచ్ఛగా ఆపగలడు.

మరి కళ విశ్వాసానికి ఏమిస్తుంది? జ్ఞాపకశక్తినిస్తుంది. మీరు కిందటి నెల విన్న ప్రసంగములో మూడు అంశాలు చెప్పగలరా? నాకే జ్ఞాపకం ఉండవు! కాని చిన్నప్పుడు సండేస్కూల్లో నేర్చుకున్న పాట ఆసుపత్రి మంచం మీద కూడా నోటికి వస్తుంది.

కళ విశ్వాసానికి కన్నీటి భాషనిస్తుంది. మన ప్రార్థనల్లో అంతా విజయమే వినిపిస్తుంది. బైబిలులోని కీర్తనల గ్రంథము అలా లేదు. 88వ కీర్తన చివరి వరకు చదవండి, అది చీకటిలోనే ముగుస్తుంది. దానిని పరిశుద్ధాత్మ దేవుడు గ్రంథములో ఉండనిచ్చాడు. మన తెలుగులో గుర్రం జాషువా గారిని తలంచుకోండి. 1895లో వినుకొండలో పుట్టిన ఆ కవి ఇరుపక్కలా మాటలు పడ్డాడు. కులము పేరున కొందరు పండితులు అవమానించారు, పురాణములు చదువుతున్నాడని కొందరు క్రైస్తవులు అభ్యంతరపెట్టారు. 1941లో వచ్చిన ఆయన గబ్బిలం కావ్యములో, గుడిలోకి అడుగుపెట్టనివ్వని ఒక మనిషి, గుడిలో ఎవరూ అడ్డుచెప్పని గబ్బిలముతో తన గోడును కాశీకి పంపుకుంటాడు. అణగారినవాని ఆ మొర వినడానికి మన సంఘములు ఎంత ఆలస్యం చేశాయి! ఆ కవే తరువాత క్రీస్తు చరిత్ర రాశాడు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చింది. కళాకారుని ప్రశ్నలకు భయపడి తలుపు మూస్తే, సంఘము తన సొంత బిడ్డ నోట రావలసిన స్తోత్రాన్ని కూడా పోగొట్టుకుంటుంది.

6. ఈ వారము మీరు చేయవలసినది

ప్రియ చదువరీ, నీవు కళాకారుడవైతే, రక్షణ పొందిన తర్వాత విడిచిపెట్టాలా అని అడుగుతున్నావు. విడిచిపెట్టవలసినవి ఉండవచ్చు. నీ చేతి పని నిన్ను పాపములోనికి ఈడుస్తుంటే, నీ ఇంటివారిని మరచిపోయేలా చేస్తుంటే, హిజ్కియా సుత్తి తీసుకో, ఆలస్యం చేయకు. కాని దేవుడు ఇచ్చిన నేర్పును పాతిపెట్టకు. దానిని బాగా నేర్చుకో. కెనన్యా అనే లేవీయుడు ప్రవీణుడు గనుకనే పాట నేర్పే పని అతనికి అప్పగించారని మొదటి దినవృత్తాంతములు 15వ అధ్యాయములో ఉంది. దేవుని కోసమే కదా, ఎలా ఉన్నా ఫరవాలేదు అనడం భక్తి కాదు. అది సోమరితనము. వడ్రంగివైతే కీలు సరిగా కూర్చు. ముగ్గు వేసేదానివైతే, కుట్టు కుట్టేదానివైతే, ఆ గీత, ఆ కుట్టు ప్రభువు చూస్తున్నాడని చేయి.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ బొమ్మ వేసుకొని వస్తే, చదువుకోకుండా ఇదేమి పని అని చింపివేయకండి. వాడి పక్కన కూర్చొని, ఇది ఎందుకు వేశావు నాయనా అని అడగండి. వాడి మనస్సు తెలుస్తుంది, వాడి కొరకు ఎలా ప్రార్థించాలో కూడా తెలుస్తుంది.

తోటి సేవకులారా, పెద్దలారా, మన దగ్గరకు ఎవరైనా గోనెసంచిలో ఏదైనా చుట్టుకొని వస్తే, ముందు దానిని విప్పి చూద్దాం. వద్దని చెప్పే ముందు ఒక్కసారి వాయించమని అడుగుదాం. వాక్యముతో పరీక్షించుదాం గాని మన అలవాటుతో, మన కులముతో, మన డిగ్రీతో పరీక్షించవద్దు.

అందరికీ ఒక చిన్న పని. మీ సంఘములో, మీ ఇంట్లో, పాత పాటో, పాత దరువో, బుర్రకథగా చెప్పిన బైబిలు కథో తెలిసిన పెద్దవారు ఎవరైనా ఉన్నారా? ఈ వారమే వెళ్లండి. వారిని పాడమని అడగండి. మీ ఫోనులో రికార్డు చేయండి, మాటలు ఒక పుస్తకములో రాయండి, పాడినవారి పేరు కూడా రాయండి. ఒక పిల్లవాడిని వెంట తీసుకొని వెళ్లండి, నేర్చుకోమనండి. వచ్చే క్రిస్మస్‌కు చూద్దాం అనుకోవద్దు. నేను అలా అనుకోలేదు, అంతకంటే హీనంగా వద్దన్నాను. ఆయన మంచం పట్టె మీద కట్టుకున్న దరువులు ఈ రోజు భూమి మీద ఎవరికీ తెలియవు. దేవుడు విన్నాడని నమ్ముతున్నాను. అది నాకు ఓదార్పు, కాని నా తప్పుకు సమర్థన కాదు.

బంగారము మీ దగ్గర ఉంది. నిప్పు ఉంది. చేతులు ఉన్నాయి. ఎవరి యెదుట, అన్నదే ప్రశ్న.

ప్రార్థించుకుందాం.

పరలోకమందున్న మా తండ్రీ, బాదము పువ్వును కలుగజేసి, దానిని నీ మందిరములో చెక్కించిన దేవా, నీకు స్తోత్రములు. మా చేతుల నేర్పు నీ వరమని ఒప్పుకొనుచున్నాము. దానితో దూడలను చేసికొన్నయెడల మమ్మును క్షమించుము. నీ కొరకు పాడవలెనని వచ్చినవారిని మేము వెనుకకు పంపినయెడల మమ్మును క్షమించుము. ఈ మాటలు వినుచున్న ప్రతి గాయకుని, చిత్రకారుని, రచయితను, పనివానిని నీ ఆత్మతో నింపుము. మా పెద్దలు మోసికొని వచ్చిన పాటలు మాతో ఆగిపోకుండ, మా బిడ్డలకు నేర్పు మనస్సు మాకు దయచేయుము. మా రక్షకుడైన యేసుక్రీస్తు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.